మెడలు చూడండి



వానలు వెనకబట్టాక మంజీరాలో నీరు నెమ్మదిగా దిగుతుంది. నది నడుమ దిబ్బలు తేలతాయి. ఆ తడి మట్టి మీద లేత గడ్డి లేస్తుంది. ఆ రోజుల్లోనే, అక్టోబరు నవంబరు నెలల్లో, ఉత్తరాన్నుంచి బారులు తీరి అడవి బాతులు దిగుతాయి. మార్చి దాకా ఇక్కడే ఉంటాయి. ఆ తర్వాత వెళ్లిపోతాయి.

వాటిని చూడ్డానికి ఇప్పుడు చాలామంది వెళ్తున్నారు. సంతోషం. పిల్లల్ని వెంట తీసుకెళ్తున్నారు. ఇంకా సంతోషం. కానీ అక్కడ జరిగేది ఏమిటంటే, కారు ఆగుతుంది. అందరూ ఒడ్డు దిగుతారు. కొంచెం దగ్గరికి నడుస్తారు. ఇంకొంచెం నడుస్తారు. గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది. ఆకాశం నిండా రెక్కలు. అబ్బ, ఎంత బాగుందో అనుకుంటారు. ఫోన్లో పట్టుకుని ఇంటికొచ్చేస్తారు. బాతులు ఏం చేస్తుంటాయో, ఎలా ఉంటాయో, ఎవరితో ఉంటాయో ఏమీ చూడకుండానే వచ్చేస్తారు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. మెడలు చూడండి. బాతుల గుంపు కనబడగానే ముందు మెడలు చూడండి. మీరు ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో ఆ మెడలే చెబుతాయి.

ముందు పక్షిని గుర్తుపడదాం. ఇంగ్లీషు పుస్తకాల్లో దీని పేరు బార్ హెడెడ్ గూస్. మనం చారల తల బాతు అనుకుందాం. పెరటి బాతు కంటే పెద్దది. బరువు రెండు మూడు కిలోలు ఉంటుంది. ఒళ్లు లేత బూడిద రంగు. ముక్కు, కాళ్లు నారింజ కలిసిన పసుపు. ముక్కు కొన మాత్రం నలుపు. తల తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు మీద రెండు నల్ల చారలు. పై చార ఒక కంటి దగ్గర మొదలై, తల వెనక నుంచి చుట్టి, రెండో కంటి దాకా వస్తుంది. దాని కింద ఇంకో చార, కొంచెం చిన్నది. మెడ పక్కన పై నుంచి కిందికి ఒక తెల్లని గీత. బైనాక్యులర్స్‌లో చూస్తే ఈ చారలు కాటుక దిద్దినంత స్పష్టంగా కనిపిస్తాయి. ఒకసారి చూసినవాళ్లు ఇక మరిచిపోలేరు.

ఇవి గుడ్లు పెట్టేది మన దగ్గర కాదు. మంగోలియాలో, టిబెట్‌లో, చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర, కిర్గిజ్‌స్తాన్‌లో, మన దేశంలోనైతే లద్దాఖ్‌లో. త్సో మొరిరి, త్సో కర్ లాంటి ఎత్తైన సరస్సుల ఒడ్డున. మానస సరోవరం ప్రాంతంలో కూడా. అక్కణ్ణుంచి దక్కనుకు రావాలంటే దారిలో ఏముంది? హిమాలయం ఉంది. దాన్ని దాటి వస్తాయి. దాటి తిరిగి పోతాయి. ప్రతి ఏడూ.

ఎలా దాటుతున్నాయో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు కొన్ని బాతుల వీపుకి చిన్న యంత్రాలు కట్టారు. మంగోలియాలో కట్టారు. మన ఒడిశాలోని చిలికా సరస్సులో, తమిళనాడులోని కూంతంకుళంలో కూడా కట్టారు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. ఈ బాతులు హిమాలయం దక్షిణపు వాలుని ఏడెనిమిది గంటల్లో ఎక్కేస్తున్నాయి. వెనక నుంచి గాలి తోస్తే ఎక్కడం కాదు. సొంత రెక్కల బలంతోనే ఎక్కుతున్నాయి. అదీ ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున. ఆ వేళల్లో గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది. రెక్కకి పట్టు దొరుకుతుంది. ఆ తర్వాత ఇంకో పరిశోధన వచ్చింది. ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తుకి వెళ్లినట్టు అందులో తేలింది. అంత ఎత్తులో మనిషికి ఊపిరాడదు. ఈ బాతు రెక్కలు కొడుతూనే ఉంటుంది. దాని రక్తంలోని హిమోగ్లోబిన్ పలచటి గాలిలోంచి కూడా ప్రాణవాయువుని గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తులు కూడా మామూలు బాతుల కంటే పెద్దవి. ఇంకో సంగతి. ఇవి ఒకే ఎత్తులో సాగవు. కొండ ఎక్కితే ఎక్కుతాయి, లోయ వస్తే దిగుతాయి. మళ్లీ ఎక్కుతాయి. చూడ్డానికి వృథా శ్రమ అనిపిస్తుంది. కానీ కిందికి దిగితే గాలి చిక్కబడుతుంది, ఎగరడం తేలికవుతుంది. లెక్క వేస్తే అదే లాభం.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మార్చిలో ఈ బాతులు మళ్లీ ఆ కొండ ఎక్కాలి. ఎక్కడానికి కావలసిన కొవ్వుని ఇక్కడ, మన నదుల ఒడ్డున, మన చెరువుల కింద, ఈ నాలుగైదు నెలల్లో కూడబెట్టుకోవాలి. చలికాలం వీటికి షికారు కాదు. కూడబెట్టుకునే కాలం.

ఏం తింటాయి? ముఖ్యంగా గడ్డి. గట్ల మీది గడ్డి, నీరు దిగిన చోట మొలిచిన గడ్డి. చేలల్లో పడితే లేత పైరు, రాలిన గింజలు. రబీలో శనగ, గోధుమ వేసిన చోట్ల రైతుకి కొంత నష్టం కూడా ఉంటుంది. అది దాచాల్సిన పని లేదు. గడ్డిలో సత్తువ తక్కువ. పైగా ఆవుకీ గేదెకీ ఉన్నట్టు నెమరు వేసే ఏర్పాటు బాతుకి లేదు. తిన్నది త్వరగా బయటికి పోతుంది. అందుకని గంటల తరబడి మేయాలి. మనుషుల అలికిడి ఉన్న చోట్ల ఎక్కువగా రాత్రిపూటే మేస్తాయి. సాయంత్రం చీకటి పడుతుండగా నది మీంచి లేచి చేల వైపు పోతాయి. తెల్లవారేసరికి తిరిగొస్తాయి. పగలు ఎక్కువసేపు దిబ్బల మీద, నీటి అంచున పడుకుంటాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పదకొండింటికి వెళ్లి చూస్తారు. బాతులు ఊరికే నిలబడి ఉంటాయి. ఏమీ చెయ్యడం లేదే, కొంచెం కదిలిస్తే ఎగురుతాయేమో అనుకుంటారు. అవి నిద్రపోతున్నాయండీ. మన పగలు వాటికి రాత్రి.

ఇప్పుడు లెక్క చూడండి. బాతు ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి కంటే రెక్కలు కొడుతూ ఎగిరేటప్పుడు పదింతలకు పైగా ఖర్చవుతుంది. మనం ఒకసారి లేపితే ఆ ఖర్చు. గంట తర్వాత ఇంకో కారు వచ్చి లేపితే మళ్లీ ఖర్చు. ఆదివారం పూట పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇదే. పంక్తిలో కూర్చున్న మనిషిని విస్తరి ముందునుంచి పదే పదే లేపితే ఎలా ఉంటుంది? ఎదురుగా అన్నం ఉంది. వడ్డించేవాళ్లూ ఉన్నారు. కానీ నాలుగు ముద్దలు కడుపులోకి పోవు. అతను ఆ మధ్యాహ్నం ఆకలితోనే లేస్తాడు. అదిగో, అదే పరిస్థితి. అతనికైతే సాయంత్రం ఇంట్లో తినడానికి ఉంటుంది. బాతుకి ఇక్కడ కూడబెట్టిందే దారి బత్తెం.

కాబట్టి మెడలు చూడండి. ఎలా చూడాలో వివరంగా చెబుతాను.

గుంపు ప్రశాంతంగా ఉందనుకోండి. కొన్ని మేస్తుంటాయి. వాటి మెడలు నేల మీదికి వంగి ఉంటాయి. కొన్ని ఒంటికాలి మీద నిలబడి, తల వెనక్కి తిప్పి, ముక్కుని వీపు ఈకల్లో దోపుకుని ఉంటాయి. అవి నిద్రపోతున్నవి. కొన్ని ఈకలు సవరించుకుంటుంటాయి. అక్కడక్కడ ఒకటీ రెండూ మాత్రం మెడ ఎత్తి ఉంటాయి. అవి కాపలా. ఆ కాపలా ఎప్పుడూ ఉంటుంది. ఒకటి దించితే ఇంకొకటి ఎత్తుతుంది. ఇది మీరు తెలుసుకోవాల్సిన మొదటి దృశ్యం. దూరం నుంచి, కారు దిగకముందే, దీన్ని బాగా చూసుకోండి. మామూలుగా ఎన్ని మెడలు లేచి ఉంటాయో గమనించుకోండి.

ఇప్పుడు మీరు నాలుగడుగులు వేశారు. మెడలు చూడండి. మీ వైపున్న అంచులో నాలుగైదు మెడలు సగం లేచాయా? ఆగిపోండి. అక్కడే నిలబడండి. మాట్లాడకండి. కొంతసేపటికి ఆ మెడలు దిగితే, మీరున్న చోటు వాటికి సమ్మతమే. దిగకపోతే, సమ్మతం కాదు.

ఇంకా నడిచారనుకోండి. ఇప్పుడు గుంపులో సగం మెడలు లేస్తాయి. సగం ఎత్తుకి లేవడం కాదు, కర్రల్లా నిటారుగా నిలుస్తాయి. అన్ని తలలూ మీ వైపు. మేత ఆగిపోతుంది. నిద్రపోయేవి కళ్లు తెరుస్తాయి. అప్పటిదాకా ఉన్న సన్నని గొణుగుడు కూడా ఆగుతుంది. ఆ నిశ్శబ్దాన్ని చాలామంది పట్టించుకోరు. అది పెద్ద సూచన. అప్పుడు వెనక్కి తగ్గాలి. ఆగితే చాలదు. నెమ్మదిగా వెనక్కి తగ్గాలి.

అప్పటికీ తగ్గకపోతే బాతులు నీటి వైపు నడక మొదలుపెడతాయి. తలలు విదిలిస్తాయి. ముక్కు పైకి ఎగరేసినట్టు, చప్పున పక్కకి ఊపినట్టు ఉంటుంది. లేద్దామా అని ఒకదాన్నొకటి అడగడమే ఆ విదిలింపు. ఆ తర్వాత కేకలు. ఆ తర్వాత రెక్కలు. తల విదిలింపు చూశాక ఇక మీ చేతుల్లో ఏమీ ఉండదు.

చూశారా, లేవకముందు అవి ఎన్నిసార్లు చెప్పాయో. మెడ సగం ఎత్తి చెప్పాయి. నిటారుగా నిలిపి చెప్పాయి. నడిచి చెప్పాయి. తల విదిలించి చెప్పాయి. గుంపు హఠాత్తుగా లేచిపోయింది అని ఎవరైనా అంటే, ఆ మనిషి మెడలు చూడలేదని అర్థం.

మరి ఎన్ని గజాల దూరంలో ఆగాలి అని మీరు అడగవచ్చు. నేను అంకె చెప్పను. చెబితే తప్పవుతుంది. కర్ణాటకలో గదగ్ జిల్లాలో మాగడి అనే ఊరి చెరువుంది. ప్రతి చలికాలం అక్కడికి ఈ బాతులు వేలల్లో వస్తాయి.  అలా మనుషుల నుంచి అపాయం లేదని తెలిసిన చోట బాతు మనిషిని దగ్గరికి రానిస్తుంది. రాళ్లు వేసే చోట, వల పన్నే చోట చాలా దూరం నుంచే లేస్తుంది. ఒకే నదిలో ఈ ఒడ్డున ఒక దూరం, ఆ ఒడ్డున ఇంకో దూరం. అంచేత అంకె కాదు, మెడలు చూడండి.

మంజీరా మీద తెప్ప వేసుకుని చేపలు పట్టే ఒక పెద్దాయన నాకు ఒక సంగతి చెప్పాడు. "మమ్ముల జూస్తే అవి లేవయ్ సారూ. మేం మా పని మీద పోతుంటం. మీరు వాటినే జూసుకుంట, వాటి మీదికే పోతరు. గందుకే లేస్తయ్" అన్నాడు. అతని తెప్ప బాతుల పక్కనుంచే పోతుంది. కానీ రోజూ ఒకే దారిన, ఒకే వేళకి, పక్కగా పోతుంది. వాటి మీదికి పోదు. పక్షుల మీద పరిశోధన చేసినవాళ్లు కూడా ఇదే మాట చెబుతున్నారు. సూటిగా మీదికి వచ్చే మనిషిని చూస్తే పక్షి ముందే బెదురుతుంది. పక్కగా సాగిపోయే మనిషిని కొంత సహిస్తుంది. కాబట్టి ఎప్పుడూ గుంపుకేసి సూటిగా నడవకండి. ఏటవాలుగా నడవండి. మధ్యలో ఆగుతూ నడవండి. ఆగిన ప్రతిసారీ మెడలు చూడండి.

అన్నిటికంటే మంచి పద్ధతి ఇంకొకటుంది. అసలు నడవకపోవడం. చీకటి ఉండగానే వెళ్లి కూర్చోండి. బాతులు చేల నుంచి తిరిగొచ్చేసరికి మీరు ఒడ్డు మీద ఒక చెట్టు మొదట్లో, ఒక పొద పక్కన కుదురుగా కూర్చుని ఉండాలి. అప్పుడు ఎంత దూరంలో దిగాలో అవే తేల్చుకుంటాయి. మీరు తేల్చడం కంటే అది వంద రెట్లు నయం. పైగా ఆ రాక చూడాలి. ముందు శబ్దం వినిపిస్తుంది. ముక్కుతో పలికినట్టుండే ఆంగ్, ఆంగ్ అనే పిలుపు. తర్వాత బారు కనిపిస్తుంది. నీటి మీదికి రాగానే బారు విరిగిపోతుంది. ఒక్కో బాతు రెక్కలు వంచి, ఒళ్లు అటూ ఇటూ దొర్లించి, గాలిని జార్చుకుంటూ దిగుతుంది. నీళ్లని తాకేముందు నారింజ రంగు పాదాలు ముందుకి చాస్తుంది. ఆ పాదాల వేళ్ల మధ్య చర్మం విచ్చుకోవడం కూడా కనిపిస్తుంది, సూర్యుడు మీ వీపు వైపు ఉంటే. అందుకని తూర్పు మీ వెనక ఉండేట్టు కూర్చోండి.

మట్టి రంగు బట్టలు వేసుకోండి. శాలువా కప్పుకోండి, జనవరి తెల్లవారుజామున ఒడ్డు మీద చలి గట్టిగానే ఉంటుంది. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి. దాని మీద 8, 42 అని రాసి ఉంటే చాలు. ఎనిమిది అంటే ఎనిమిదింతలు దగ్గరగా చూపిస్తుందని. నలభై రెండు అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. నీటి అంచుకి మాత్రం దిగకండి. మంజీరాలో మొసళ్లున్నాయి. 1978లో ఆ జాగాని అభయారణ్యం చేసింది కూడా ముఖ్యంగా వాటి కోసమే. లోపలికి వెళ్లేముందు అటవీశాఖ వాళ్లని అడిగి వెళ్లండి.

అలా కదలకుండా కూర్చున్నవాళ్లకి కనిపించేవి వేరు. గుంపంటే గుంపు కాదని తెలుస్తుంది. అందులో కుటుంబాలుంటాయి. తల మీద రెండు చారలు లేకుండా, నడినెత్తి నుంచి మెడ వెనక దాకా ముదురు రంగు మచ్చ ఉన్న బాతులు కొన్ని కనిపిస్తాయి. అవి ఆ ఏడాది పిల్లలు. వేసవిలో గుడ్డు పగిలి, కొన్ని నెలలకే హిమాలయం దాటి వచ్చినవి. వాటి పక్కనే రెండు పెద్దవి ఉంటాయి. అమ్మ, నాన్న. చలికాలమంతా ఆ కుటుంబం కలిసే ఉంటుంది. మెడలు చూడండి మళ్లీ. పిల్లలు వంచిన మెడ ఎత్తకుండా మేస్తుంటాయి. తల్లిదండ్రుల మెడలే ఎక్కువసార్లు లేస్తాయి. ఆ తేడా ఒకసారి గమనిస్తే, ఎంత పెద్ద గుంపులోనైనా కుటుంబాల్ని విడదీసి చూడొచ్చు.

గుంపు అంచున పడుకున్నవాటిని కూడా చూడండి. అమెరికాలో మల్లార్డ్ అనే బాతుల మీద చేసిన పరిశోధన ఒకటి 1999లో వచ్చింది. వరసలో నిద్రపోయే బాతుల్లో చివరనున్నవి తరచుగా ఒక కన్ను తెరిచే నిద్రపోతాయి. తెరిచిన కన్ను వరసకి బయటి వైపుది. మెదడులో సగం మేలుకుని ఉంటుంది, సగం నిద్రపోతుంది. నడిమి బాతులు మాత్రం ఎక్కువగా రెండు కళ్లూ మూసుకుని హాయిగా పడుకుంటాయి. మన చారల తల బాతుల గుంపులో కూడా అంచున ఉన్నవాటి కంటిని బైనాక్యులర్స్‌లో వెతకండి.

వీటితో పాటు జక్కవలు కూడా ఉంటాయి. ఒళ్లంతా నారింజ కలిసిన ఇటుక రంగు. ఎక్కువగా జంటగా ఉంటాయి. వీటికి బెదురెక్కువ. చాలాసార్లు ముందు అరిచేది ఇవే. జక్కవ అరిచిందంటే మెడలన్నీ లేస్తాయి. కాబట్టి జక్కవల జంట మీకు దగ్గర్లో ఉంటే, దాన్ని దాటి ముందుకి పోవాలని చూడకండి.

కొన్ని మాటలు త్వరగా చెప్పేస్తాను. డ్రోన్ ఎగరేయకండి. పై నుంచి వచ్చేదాన్ని పక్షి గద్ద అనుకుంటుంది. కుక్కని తీసుకెళ్లకండి. పిల్లలు రాయి తీస్తే చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టండి. వీటిని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చచ్చిన బాతు కనిపిస్తే ముట్టుకోకండి. 2005లో చింగ్‌హై సరస్సులో బర్డ్ ఫ్లూ వచ్చి ఈ జాతి బాతులు చాలా చనిపోయాయి. 2020 డిసెంబరు చివర్లో హిమాచల్‌లో బియాస్ నది మీది పాంగ్ డ్యామ్ జలాశయంలో కూడా అదే జరిగింది, వేలల్లో పోయాయి. దూరంగా ఉండి అటవీశాఖకి గానీ పశువైద్యశాలకి గానీ చెప్పండి.

మంజీరా దాకా వెళ్లలేని వాళ్లుంటారు. మీ ఊరి చెరువులో ఏ పక్షులున్నా ఇదే పద్ధతి. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు తల నీళ్లలో ముంచి, ముక్కు తలకిందులు చేసి మేస్తాయి. ఆ పొడుగాటి మెడలు నీళ్లలోంచి వరసగా పైకి లేస్తున్నాయంటే మీరు దగ్గరికి వచ్చేశారన్నమాటే.

వెళ్లేటప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తారీఖు, టైము, చోటు రాయండి. ఎన్ని బాతులో రాయండి. పెద్ద గుంపైతే ముందు ఒక పది లెక్కపెట్టండి. ఆ పది ఎంత జాగా పట్టాయో చూసుకుని, పదేసి చొప్పున గుంపు చివరి దాకా వెళ్లండి. చారలు లేని పిల్లలు ఎన్నో విడిగా రాయండి. ప్రతి జనవరిలోనూ మన దేశంలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అంటారు. 1987 నుంచి జరుగుతోంది. పక్షుల మీద ఇష్టమున్న మామూలు మనుషులే ఎక్కువగా ఆ పని చేస్తారు. మీరూ చేరవచ్చు. ఆ పుస్తకంలో ఇంకొకటి కూడా రాయండి. ఎన్ని అడుగుల దూరంలో మీరుండగా మొదటి మెడలు లేచాయో రాయండి. మళ్లీ వెళ్లినప్పుడు అంతకు ముందే ఆగి కూర్చోవచ్చు. ఈ ఏడు చూడాలనుకునేవాళ్లు ఫిబ్రవరి దాటనివ్వకండి. మార్చి వచ్చేసరికి గుంపులు పలచబడతాయి.